దోసావకాయ: కాయను నిలువ ఉంచుడు, పచ్చడిని ఎప్పటికప్పుడు కలుపుడు

దోస మన తెలుగువారి వేసవి పంట. వరి కోసిన చేలలోను, లంక భూములలోను, ఇంటి పెరటిలోను కొద్దిపాటి శ్రమతో పండును. అయితే తీగ కాపునకు వచ్చినదా, కాయలన్నియు ఒక్కసారిగా చేతికి వచ్చును. ఆ దినములలోనే చుట్టుప్రక్కల ఊళ్ళ కాయలు కూడ సంతకు చేరుటచే ధర పడిపోవును. కావున కొందరు రైతులు కాయలను పశువులకు వేయుదురు. మరికొందరు ఉన్న కాయలన్నిటిని ఒక్క దినమున తరిగి జాడీ నిండ దోసావకాయ కలుపుదురు. పది దినములు గడవక ముందే అది పులిసి, ముక్క మెత్తబడి పారవేయవలసి వచ్చును.

ఈ రెండు నష్టములు తప్పించుకొను మార్గము ఒక్కటే. దోసావకాయ మామిడి ఆవకాయ వలె సంవత్సరము నిలువ ఉండు పచ్చడి కాదు. నిలువ ఉండునది కాయ. కావున కాయను కాయగా నిలువ ఉంచి, పచ్చడిని వారమునకు సరిపడునంత మాత్రమే కలుపుకొనవలెను. ఇది ఎట్లు చేయవలెనో, ఎందుకు చేయవలెనో ఈ దిగువ వివరించుచున్నాము.

ఏది దోస, ఏది కీర?

మనము దోసకాయ అని పిలుచు పసుపుపచ్చని కూరదోసయు, సన్నగా పొడుగుగా ఆకుపచ్చగా ఉండు కీరదోసయు ఒక జాతివి కావు. కూరదోస ఖర్బూజా జాతికి చెందినది. పొలము గట్లపై తనంతట తాను మొలచు బుడమకాయయు ఆ జాతిదే. కీర వేరు జాతి. దాని పుట్టుక కూడ మన దేశముననే. దాని అడవి రకము నేటికిని హిమాలయ పాదప్రాంతములలో కనబడును.

ఈ భేదము పండితులకే గాక రైతునకు కూడ అవసరము. కూరదోస, ఖర్బూజా, బుడమ ఈ మూడింటి పుప్పొడి ఒకదానికొకటి కలియును. కీరతో మాత్రము కలియదు. దీని వలన కలుగు చిక్కును చేదును గూర్చి చెప్పునప్పుడు వివరించెదము.

పచ్చడి విషయములో కూడ భేదమున్నది. కూరదోస గట్టి కండ గలది, కొంచెము పులుపు గలది. ఊటలో నానినను కొన్ని దినములు కరకరలాడును. కీర మెత్తనిది, పూటలోనే నీరు కారును. కావున ఆవకాయకు కూరదోస, అప్పటికప్పుడు తినుటకు కీర తగినవి.

చేదు కాయతో జాగ్రత్త

కాట్రేనికోన ప్రాంతము గోదావరి మధ్య డెల్టాకు చివర, సముద్రమునకు చేరువగా ఉన్నది. వేసవిలో మరమ్మతులకై కాలువలు కట్టివేసినప్పుడు చివరి చేలకు ముందుగా నీరు తగ్గును. తీరపు నేలలలో బావి నీరు కూడ ఉప్పునకు తిరుగును. సరిగా ఆ దినములలోనే దోస కాపు మీద ఉండును. దోస జాతి మొక్కలలో చేదును కలిగించు పదార్థము స్వతస్సిద్ధముగా ఉన్నది. నీటి ఎద్దడి, మితిమీరిన వేడి కలిగినప్పుడు అది కాయలో హెచ్చగును. ఒకే తీగకు ఒక కాయ తీయగను, మరియొకటి చేదుగను ఉండవచ్చును. పైకి చూచి కనిపెట్టుట సాధ్యము కాదు.

చేదు దోస రుచికి మాత్రమే చెరుపు అనుకొనరాదు. ఆ పదార్థము ఎక్కువగా కడుపులోనికి పోయినచో వాంతులు, విరేచనములు, కడుపునొప్పి కలుగును. ఇదే పదార్థము గల చేదు సొరకాయ రసమును త్రాగి కొందరు ప్రాణాపాయమునకు గురియైనందున, చేదుగా ఉన్న రసమును త్రాగరాదని 2012లో ప్రచురించిన నివేదికలో భారత వైద్య పరిశోధనా మండలి నిపుణుల సంఘము హెచ్చరించినది. వండినను, ఉప్పులో ఊరవేసినను ఈ చేదు పోదు. కారము, ఆవ ఘాటు దానిని కప్పిపుచ్చును గనుక పచ్చడిలో కలిసిన తరువాత తెలిసికొనుట మరింత కష్టము. కాయ తొడిమ కోసి ఆ ముక్కతో రుద్ది నురుగు తీసినచో చేదు పోవునని కొందరు నమ్ముదురు. నురుగుతో పోవునది స్వల్పము. కండలోని చేదు కండలోనే ఉండును.

కావున ప్రతి కాయను విడిగా రుచి చూడవలెను. తొడిమ వైపు నుండి, నడుమ నుండి, గింజల గుజ్జు నుండి చిటికెడు ముక్క చొప్పున తీసి నాలుకపై ఉంచి, చేదుగా ఉన్నచో ఉమ్మివేసి, నోరు పుక్కిలించి, తరువాతనే మరియొక కాయను చూడవలెను. చేదు కాయను కోసిన కత్తిపీటను కడుగక మరియొక కాయను తరుగరాదు. పది కాయలలో ఒక్కటి చేదైనను జాడీ అంతయు చెడును. ఒక్క కాయ పారవేయుట నష్టము కాదు.

విత్తనము తీయువారికి

తీయని కాయ నుండి విత్తనము తీసినను మరుసటి సంవత్సరము చేదు కాయలు కాయుట కొందరు చూచియుందురు. కారణమేమనగా, కాయ యొక్క కండ తల్లి మొక్కది. పొరుగు మొక్క పుప్పొడి వలన కలుగు మార్పు గింజలో దాగియుండి, మరుసటి పంటలో బయటపడును. గట్టుపై చేదు బుడమ తీగ ఉన్నచో తేనెటీగలు దాని పుప్పొడిని మీ దోస పూవులకు చేర్చును. కావున విత్తనము కొరకు దోస వేయువారు పూతకు ముందే చుట్టుప్రక్కల బుడమ తీగలను పెరికివేయవలెను. ఖర్బూజాను దూరముగా వేసికొనవలెను. కాయలన్నియు రుచిగా ఉన్న తీగల నుండి మాత్రమే బాగుగా పండిన కాయలను విత్తనమునకు విడువవలెను. కాపు దినములలో నీటిని ఒకసారి విస్తారముగను, మరియొకసారి ఎద్దడిగను పెట్టక, కొంచెము కొంచెముగా క్రమము తప్పక పెట్టినచో చేదు తగ్గును. తీగల మొదళ్ళలో ఎండుగడ్డి గాని కొబ్బరి పీచు గాని పరచినచో తేమ నిలుచును.

కాయను నిలువ ఉంచుట

పసుపు రంగు తిరిగి, గోరు గ్రుచ్చినను దిగనంత గట్టిగా ఉన్న కాయలను ఉదయపు చల్లని వేళ తొడిమతో సహా కోయవలెను. పురుగుమందు చల్లియున్నచో ఆ మందు డబ్బాపై వ్రాసిన గడువు తీరనిదే కోయరాదు. దెబ్బతగిలినవి, పండు ఈగ కుట్టిన గుర్తు గలవి విడిగా తీసి ముందుగా వాడుకొనవలెను. మంచి కాయలను కడుగక, పొడి గుడ్డతో తుడిచి, ఒకదానికొకటి తగులకుండ త్రాటితో కట్టి దూలమునకు వ్రేలాడదీయవలెను. ఇది మన పెద్దల పద్ధతి. కోనసీమలో కొబ్బరి పీచు త్రాటికి కొదువ లేదు. గాలి తగులు చోట ఇట్లు కట్టిన కాయ కొన్ని వారముల పాటు చెడక ఉండును. నేలపై కుప్పగా పోసిన కాయలు అడుగు నుండి కుళ్ళును. వారమునకొకసారి చూచి, మెత్తబడిన కాయను తీసివేయుచుండవలెను.

దోసావకాయకు కావలసినవి

గిద్దె కొలతలో పిండి అదిమినచో ఒక తీరు, అదమనిచో మరియొక తీరుగా వచ్చును గనుక తూకము మంచిది. ఒక కిలో తరిగిన ముక్కలకు:

ఆవపిండి 100 గ్రాములు
మిరపకారము 100 గ్రాములు
మెత్తని ఉప్పు 80 గ్రాములు
పప్పునూనె 150 గ్రాములు
మెంతులు ఒక చెంచాడు
పసుపు అర చెంచాడు
నిమ్మకాయలు నాలుగు

ఆవాలను ఎండలో బాగుగా ఎండబెట్టి పిండి చేయవలెను, వేయించరాదు. ఆవాల ఘాటు గింజలో సిద్ధముగా ఉండదు. గింజ నలిగి తడి తగిలినప్పుడు, అందలి రెండు పదార్థములు కలిసి ఘాటును పుట్టించును. గింజను వేయించినచో ఆ శక్తి నశించును. కాగిన నూనె పోసినను అంతే. పనసపొట్టు కూరకు ఆవ పెట్టునప్పుడు కూర దింపి, చల్లారిన పిదప కలుపుటలోని రహస్యము ఇదియే. ఈ ఘాటు నాలుకకు రుచి నిచ్చుటయే గాక, పచ్చడిని చెరచు సూక్ష్మజీవులను కొంతవరకు అణచును.

మిరపకాయలు బూజు, నల్లమచ్చలు లేనివై, పెళపెళ విరుగునంత ఎండినవై ఉండవలెను. బూజు పట్టిన మిరపలో విషపదార్థము ఉండవచ్చును. అది దంచినను పోదు.

చేయు విధానము

1. కాయలను శుభ్రమైన మంచినీటితో కడిగి, తుడిచి, తడి పూర్తిగా ఆరనీయవలెను. జాడీ, గరిటె, కత్తిపీట, చేతులు అన్నియు పొడిగా ఉండవలెను.

2. ప్రతి కాయను పైన చెప్పినట్లు రుచి చూచి, గింజలు, గుజ్జు తీసివేసి, చెక్కుతోనే అర అంగుళపు ముక్కలుగా తరుగవలెను. చెక్కు ఉన్నచో ముక్క విడిపోదు.

3. తరిగిన ముక్కలను పొడి గుడ్డపై అర్ధగంట నీడలో ఆరబెట్టవలెను. ఎండలో పెట్టినచో ముక్క వడలును.

4. ఆవపిండి, కారము, ఉప్పు, పసుపు, మెంతులు వెడల్పు పళ్ళెములో ముందుగా కలిపి, అందులో సగము నూనె పోసి మరల కలుపవలెను. పిదప ముక్కలు వేసి, ప్రతి ముక్కకు పిండి పట్టునట్లు కలిపి జాడీలోనికి ఎత్తి, మిగిలిన నూనె పైన పోసి వాసెన కట్టవలెను.

5. మరునాడు విప్పి అడుగు నుండి పైకి కలిపి, నిమ్మరసము పిండి, ఉప్పు చూచుకొనవలెను. ఆనాటి నుండియే వేడి అన్నములో వడ్డింపవచ్చును. పప్పుతో కూడ నంజుకొనవచ్చును.

దోసకాయలో నూటికి తొంబదియైదు పాళ్ళ వరకు నీరే ఉండును. ఉప్పు తగులగానే ముక్క ఆ నీటిని వదలును. ఆవపిండి దానిని పీల్చుకొని ఊటగా మారును. ఈ ఊటయే దోసావకాయకు ప్రాణము. అయితే ఈ నీరే ఉప్పును, పులుపును పలుచన చేసి నిలువను తగ్గించును. మామిడిలో నీరు తక్కువ, పులుపు ఎక్కువ గనుక అది సంవత్సరము నిలుచును. దోసకు ఆ బలము లేదు. పైన నూనె తేలినంత మాత్రమున పచ్చడి నిలుచునని తలపరాదు. పులుపు చాలని పచ్చడిలో నూనె క్రింద గాలి తగులని చోట అపాయకరమైన సూక్ష్మజీవులు కూడ పెరుగవచ్చును. నిమ్మరసము పిండుమనుట అందులకే.

కలిపిన పచ్చడిని బయట ఉంచినచో రెండు మూడు దినములలోను, రిఫ్రిజిరేటరులో ఉంచినచో వారములోను వాడి ముగింపవలెను. బుడగలు, జిగట, చెడు వాసన, బూజు కనబడినచో పై పొర తీసి తినుట ప్రమాదము. అంతయు పారవేయవలెను.

ఇతర ఆసియా దేశముల వారి పద్ధతి

కారముతో దోస తినుట మన ఒక్కరి అలవాటు కాదు. చైనా, కొరియా దేశములలో కీరను ఇట్లే కారముగా కలుపుకొందురు. మిరప అమెరికా ఖండము నుండి పోర్చుగీసు మొదలగు వర్తకుల ద్వారా ఆసియాకు వచ్చిన తరువాత ఈ కారము వారికిని మనకును అబ్బినది. వారు మొదటనే ఉప్పు చల్లి నీటిని తీసివేయుదురు. మనము ఆవపిండితో ఆ నీటిని పట్టి ఉంచెదము. భేదమంతయు ఇంతియే.

ఆ పద్ధతిని మన ఇండ్లలో సులభముగా చేయవచ్చును. అర కిలో లేత కీరకాయలను, వీటిని కూడ చేదు చూచిన పిదప, కత్తి బల్లపరుపు వైపుతో అదిమి పగులగొట్టి ముక్కలు చేయవలెను. పగిలిన ముక్క, తరిగిన ముక్క కంటె కారమును బాగుగా పట్టుకొనును. ఒక చెంచాడు ఉప్పు చల్లి పావుగంట ఉంచి, ఊరిన నీటిని వంచివేయవలెను. దంచిన వెల్లుల్లి రేకులు మూడు, కారము ఒక చెంచాడు, నిమ్మకాయ రసము, పప్పునూనె రెండు చెంచాలు, వేయించిన నువ్వులు ఒక చెంచాడు కలిపి, ఆ పూటకే తినవలెను. వారు నిమ్మకు బదులు వినిగరు వాడుదురు.

ఉప్పును గూర్చి

పెద్దవారు దినమునకు 5 గ్రాముల లోపు ఉప్పు తినుట మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. పైన చెప్పిన కొలతతో చేసిన దోసావకాయ 20 గ్రాములలో ఒక గ్రాము పైచిలుకు ఉప్పుండును. రక్తపుపోటు గలవారు దీనిని నంజుకొనుటతో సరిపెట్టుకొనవలెను. నిలువ పచ్చడి కాదు గనుక, ఆనాడే తిను పచ్చడిలో ఉప్పు సగమునకు తగ్గించుకొనవచ్చును.

గ్రామోద్యోగులకు మనవి

గ్రామ ఉద్యాన సహాయకులు, మహిళా సంఘముల బాధ్యులు వేసవి కాపునకు ముందే ఈ విషయములను గ్రామములో చెప్పినచో మేలు. ముఖ్యముగా చేదు చూచుట, బుడమ తీగలు పెరుకుట, కాయను వ్రేలాడదీయుట ఈ మూడింటిని చేసి చూపవలెను. పచ్చడి చేసి అమ్మదలచిన సంఘముల వారు 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణముల చట్టము క్రింద ముందుగా నమోదు చేయించుకొని, చేసిన తేదీని సీసాపై వ్రాయవలెను.

ధర లేని దినమున సంతకు పరుగెత్తవలసిన పని లేదు. మంచి కాయలను దూలమునకు కట్టుడు. వారమునకు రెండు మూడు కాయల చొప్పున దింపి, రుచి చూచి, కలుపుకొనుడు. కూరగాయలు ప్రియమైన దినములలో ఆ కాయలే మీ ఇంటికి అక్కరకు వచ్చును.