మూట కట్టడం వేరు, అణచడం వేరు

తమ్ముళ్ళారా, స్కాలర్‌షిప్ దరఖాస్తుకు కుల, ఆదాయ ధృవపత్రాలు, మార్కుల మెమోలు స్కాన్ చేసి పెట్టేటప్పుడు 'సైజు ఎక్కువైంది' అని కంప్యూటర్ తిప్పి కొట్టడం మీకు తెలిసిందే. అప్పుడు చాలామంది ఆ ఫోటోలను జిప్ చేస్తారు. సైజు దాదాపు ఉన్నంతే ఉంటుంది. ఆఖరి తేదీ రోజున నెట్ సెంటర్‌లో కాగితానికింత అని ఇచ్చుకోవాల్సి వస్తుంది. ఇంట్లో చెప్పేవాళ్ళు లేని మనం ఇది ఒకరికొకరం నేర్పుకోవాల్సిందే.

ట్రంకు పెట్టెలో బట్టలు, పుస్తకాలు సర్ది మూత వేస్తే అన్నీ ఒకచోట చేరతాయి గానీ బరువు తగ్గదు. లైనక్స్‌లో 'టార్' చేసేది అంతే. 'టేప్ ఆర్కైవ్'కు పొట్టి పేరది, 1979 నాటి యూనిక్స్‌తో వచ్చింది. మూటను అణిచేది 1992లో వచ్చిన 'జీజిప్'. ఒకసారి వచ్చిన ముక్క మళ్ళీ వస్తే దాన్ని తిరిగి రాయదు, 'వెనక ఫలానా చోట ఉంది' అని గుర్తు పెడుతుంది. తరచుగా వచ్చేవాటికి పొట్టి సంకేతాలు ఇస్తుంది. విప్పితే ఒక్క బైటు కూడా తేడా రాదు.

ఇందులో మన తెలుగుకు భలే లాభం. యూటీఎఫ్-8 పద్ధతిలో 'అమ్మ' అన్న మాటకు 12 బైట్లు పడతాయి, గుర్తుకు మూడేసి చొప్పున. ఆ మూడింటిలో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోదానికి ఉన్నవి రెండే రూపాలు. అంత పునరుక్తి ఉంది కనుకే తెలుగు నోట్సు బాగా అణుగుతుంది.

జేపెగ్ ఫోటో అలా కాదు, అది పుట్టడమే అణిగి పుడుతుంది. పిండిన బట్టను మళ్ళీ పిండితే నీళ్ళెక్కడివి? దాన్ని మార్చాలి. అందుకు 'ఇమేజ్‌మ్యాజిక్' అనే ఉచిత సాధనం ఉంది. 'మ్యాజిక్' అని కొట్టి (పాత వెర్షన్లలో 'కన్వర్ట్'), పాత ఫైలు పేరు, అడ్డగీతతో 'రీసైజ్ 50%', ఆపైన కొత్త పేరు ఇవ్వండి. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే. పొడవు, వెడల్పు సగమై చుక్కలు నాలుగో వంతుకు దిగుతాయి. పోయిన చుక్కలు తిరిగి రావు కనుక కొత్త పేరు వేరుగా ఉండాలి. పంపే ముందు సర్టిఫికెట్ నంబరు, ముద్ర చదవగలిగేలా ఉన్నాయో లేదో పెద్దది చేసి చూడండి.

నలభై మంది ఫోటోలైతే 'మోగ్రిఫై' ఆదేశంతో ఒక్క వరసలో అయిపోతాయి. 'పాత్' అని చెప్పి వేరే ఫోల్డర్ చూపించడం మరవకండి, లేకపోతే అసలు ఫోటోల మీదే రాసేస్తుంది.