ఆటిజం ఉన్న బిడ్డ పెద్దయ్యాక: పని ఎలా నేర్పాలి?

"మేమున్నంతకాలం చూసుకుంటాం. మా తరువాత వీడి సంగతేమిటి సిస్టర్?" ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న ఇది. బడి ఆగిపోయి, బిడ్డ ఇంట్లో ఊరికే కూర్చున్నప్పుడు ఈ దిగులు మరీ ఎక్కువవుతుంది.

ఆటిజం అంటువ్యాధి కాదు, ఎవరి పాపఫలమూ కాదు. మెదడు ఎదుగుదలలో వచ్చే తేడా. మందులతో పోదు. కాని ఓపికగా నేర్పితే, తమ శక్తి కొద్దీ పని నేర్చుకునేవారు చాలామంది ఉన్నారు.

అలవాటే పనికి దారి

1943లో డాక్టర్ లియో కానర్ ఆటిజం గురించి రాసిన వ్యాసంలో మొదటి పిల్లవాడు అమెరికాకు చెందిన డోనాల్డ్ ట్రిప్లెట్. లెక్కపెట్టడం, కొలవడం అతనికి విడవని అలవాటు. కొంతకాలం అతణ్ణి తమ దగ్గర ఉంచుకున్న రైతు దంపతులు ఆ అలవాటుతో పోట్లాడలేదు. బావి తవ్వించి లోతు కొలవమన్నారు. మొక్కజొన్న సాళ్ళు పదేపదే లెక్కపెడుతుంటే, దున్నుతూ లెక్కపెట్టమన్నారు. తరువాత ఆయన సొంత ఊరి బ్యాంకులో దశాబ్దాలపాటు పనిచేసి, 2023లో 89 ఏళ్ళ వయసులో మరణించారు. ఆ బ్యాంకు ఆయన బంధువులదే. అందరికీ అలాంటి వసతి ఉండదు. కాని ఆ రైతు దంపతులు చేసినది మనమూ చేయవచ్చు.

మీ బిడ్డ వస్తువులు వరుసగా పేరుస్తాడా? కిరాణా కొట్టులో సరుకు సర్దడం నేర్పండి. తూకం, అంకెలు ఇష్టమా? మన అనకాపల్లిలో బెల్లానికి కొదువ లేదు. కిలో ప్యాకెట్లు తూచి కట్టవచ్చు. అమ్మాయికి కాగితాలు మడవడం ఇష్టమైతే మందుల కవర్లు చేయించవచ్చు.

నేర్పే పద్ధతి

పని మొదలుపెట్టే ముందు బిడ్డకు నాలుగు సంగతులు కంటికి కనబడాలి: ఏ పని, ఎంత పని, ఎప్పుడు అయిపోతుంది, తరువాత ఏమిటి. ఉదాహరణకు, ఎడమవైపు బుట్టలో 20 కాగితాలు పెట్టండి. మధ్యలో మడవాలి. కుడివైపు బుట్టలో వేయాలి. ఎడమ బుట్ట ఖాళీ అయితే పని అయిపోయినట్టు. తరువాత టీ అని బొమ్మ చూపించండి. మాటలకన్నా బొమ్మలు, చేసి చూపడం బాగా అర్థమవుతాయి. మొదట చెయ్యి పట్టి చేయించి, క్రమంగా సాయం తగ్గించండి.

చేయి కడుక్కోవడం, ఆటో ఎక్కడం, డబ్బు గుర్తించడం, ఎవరైనా తప్పుగా తాకితే చెప్పడం కూడా శిక్షణలో భాగమే. ఇవి 18 ఏళ్ళు వచ్చేదాకా ఆగకుండా చిన్ననాటి నుంచే మొదలుపెట్టాలి.

జాగ్రత్తలు

• పెద్ద శబ్దాలు, జనం రద్దీ కొందరికి భరించరానివి. మూల చోటు, మధ్యలో విశ్రాంతి ఇవ్వండి.
• పనివేళ మారితే ముందురోజే చెప్పండి.
• మూర్ఛ ఉన్నవారిని గానుగ, బెల్లం పెనం, బావి దగ్గర పనికి పెట్టవద్దు. మందు మానవద్దు.
• అకస్మాత్తుగా గొడవ చేస్తే కొట్టవద్దు. పంటినొప్పి, చెవినొప్పి, మలబద్ధకం ఉన్నాయేమో ముందు చూపించండి.

చట్టం ఇచ్చినవి

2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఒకటి. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే ప్రభుత్వ ఉద్యోగాల రిజర్వేషన్‌కు అర్హత ఉంటుంది. 18 నిండిన బిడ్డకు చట్టబద్ధ సంరక్షకుల అవసరం ఉంటే, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేయాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో స్థాపించిన జాతీయ సంస్థ (ఇప్పటి పేరు ఎన్‌ఐఈపీఐడీ) పెద్దవారి వృత్తి శిక్షణపై సలహా ఇస్తుంది.

సంఘంలో దుకాణం, వర్క్‌షాపు ఉన్నవారు రోజుకు రెండు గంటల పని ఇచ్చి చూడండి. జాలితో కాక, పనికి తగిన కూలి ఇవ్వండి. ఆ డబ్బు బిడ్డ చేతికే అందాలి.

తల్లిదండ్రులారా, ఈ వారం మీ బిడ్డ ఎవరూ చెప్పకుండా పదేపదే చేసే పనులు మూడు నోటుబుక్కులో రాయండి. ఈసారి ఓపీకి వచ్చేటప్పుడు ఆ పుస్తకం తీసుకురండి. శిక్షణ అక్కడినుంచే మొదలుపెడదాం.

— నర్సింగ్ సూపరింటెండెంట్