అద్దె కారు - రహదారి సుంకం

మనం నిత్యం వాడుకునే 'రహదారి' అన్న పదం పారసీకం నుండి తెలుగులోనికి వచ్చినది. 'రాహ్' అనగా దారి. 'రాహ్‌దార్' అనగా దారిని కాచువాడు. మొగలుల కాలంలో బాటపై వసూలు చేయు సుంకానికి 'రాహ్‌దారీ' అని పేరు. నాడు సుంకాన్ని తెలిపిన మాట నేడు మనకు బాటకే పేరైనది. బాటకూ సుంకానికీ గల చుట్టరికం అంత పాతది.

ఈ రోజులలో పెండ్లిండ్లకు, విహారయాత్రలకు కారును అద్దెకు తీసుకొని స్వయంగా నడుపుకొని పోవుట పరిపాటి అయినది. అద్దె ఎంత, పెట్రోలు ఎవరిది అని అడిగి తెలుసుకుంటాము. టోల్ సుంకం సంగతి మాత్రం టోల్‌గేటు ఎదుటకు వచ్చినప్పుడే జ్ఞాపకం వస్తుంది.

జాతీయ రహదారులపై 2021 ఫిబ్రవరి నుండి ఫాస్టాగ్ తప్పనిసరి అయినది. కారు ముందు అద్దానికి అంటించిన ఈ చీటీని టోల్‌గేటు వద్ద యంత్రం రేడియో తరంగాల ద్వారా చదువుతుంది. దానికి చెందిన ఖాతా నుండి సుంకం తగ్గుతుంది. ఇక్కడ గ్రహింపదగిన విషయం ఒకటి కలదు. ఫాస్టాగ్ వాహనానికి చెందినది గాని, నడుపువానికి చెందినది కాదు. సొమ్ము తగ్గినట్లు సందేశం యజమాని ఫోనుకు పోతుంది. బాటపై నడచినది మనము, లెక్క తెలిసినది ఆయనకు. వివాదములన్నిటికీ మూలం ఇదియే.

ఒకమారు నేను కుటుంబంతో హైదరాబాదు నుండి విజయవాడకు అద్దె కారులో వెళ్ళితిని. ఆ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు అని మూడు టోల్‌గేట్లు ఉన్నవి. రెండవ దాని వద్ద ఖాతాలో సొమ్ము చాలలేదన్నారు. వెనుక వాహనముల హారన్ మోతకు తత్తరపడి, రెట్టింపు సుంకం నగదుగా చెల్లించితిని. రసీదును ఎక్కడ పెట్టితినో తెలియదు. తిరిగి వచ్చిన పిదప కారు యజమాని 'టోల్' అను ఒకే మాట క్రింద డిపాజిట్టులో కొంత సొమ్ము తగ్గించుకున్నాడు. నేను చెల్లించినది అందులో చేరినదో లేదో అడుగుటకు నా చేత ఆధారం లేదు. పోయిన సొమ్ము కొద్దిదే. కాని అడుగలేక మిన్నకుండిన సంగతి నేటికీ బాధించుచున్నది.

కనుక బయలుదేరుటకు పూర్వమే మూడు విషయములు తేల్చుకొనవలెను. ఫాస్టాగ్ పనిచేయుచున్నదా, ఖాతాలో ఎంత ఉన్నది, సొమ్ము తరిగినచో రీఛార్జి చేయవలసినది ఎవరు? ఆ మాటను కాగితంపైనో, ఫోను సందేశంలోనో వ్రాయించుకొనుట మేలు. ప్రతి టోల్‌గేటు పేరు, దాటిన వేళ చిన్న పుస్తకంలో గుర్తించుకొని, చివర యజమాని చూపు ఖాతా వివరంతో పంక్తి పంక్తి సరిచూడవలెను.

నియమములు కూడ తెలిసి ఉండవలెను. 2025 నవంబరు 15 నుండి అమలులోనికి వచ్చిన సవరణ ప్రకారం, చెల్లుబాటగు ఫాస్టాగ్ లేని వాహనానికి నగదు చెల్లించినచో రెట్టింపు, యూపీఐ ద్వారా చెల్లించినచో 1.25 రెట్లు సుంకం. అనగా 100 రూపాయల చోట 200 లేక 125. ఖాతాలో తగిన సొమ్ము ఉండి, టోల్‌గేటు యంత్రమే చెడిపోయినచో సుంకం లేకుండ పోనీయవలెనని 2018 నాటి సవరణ చెప్పుచున్నది. 24 గంటలలో తిరిగి వచ్చువారికి రాకపోకలకు కలిపి ఒకటిన్నర రెట్లే సుంకం. 2025 ఆగస్టులో వచ్చిన వార్షిక పాస్ సొంత వాడుక కార్లకే గాని, నల్ల పలకపై పసుపు అక్షరములు గల అద్దె కార్లకు వర్తించదు. జాతీయ రహదారిపై చిక్కు వచ్చినచో 1033 సంఖ్యకు ఫోను చేయవచ్చును.

విద్యార్థులారా! ఇది డబ్బు సంగతి మాత్రమే కాదు. పరుల ఖాతా నుండి మన నిమిత్తం వ్యయమగు ప్రతి రూపాయికి మనం బాధ్యులము. మన నుండి తీసుకొను ప్రతి రూపాయికి వారును బాధ్యులే. లెక్క అడుగుట అనుమానం కాదు, లెక్క చూపుట అవమానం కాదు. రసీదును భద్రపరచువాడే నిర్భయంగా మాటలాడగలడు.