కాలనీలో ప్లాటు కొన్నవారికి రస్తా మీద, పార్కు స్థలం మీద ఉన్న హక్కులు

పట్టణానికి ఆనుకొని, పొలాలుగా ఉన్న భూమిని వీధులుగా, ఇళ్ల స్థలాలుగా విడదీసి ఏర్పరచిన నివాస ప్రాంతాన్ని వ్యవహారంలో శివారు కాలనీ అంటారు. పశ్చిమ కర్నూలులో ఈ తరహా నివాసాలకు పాత చరిత్రే ఉంది. పత్తి వ్యాపారంతో పెరిగిన ఆదోనికి 1865లోనే పురపాలక సంఘం ఏర్పడగా, ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప నాయకత్వాన 1938లో మొదలైన చేనేత కార్మికుల సహకార సంఘం తన సభ్యుల కోసం ప్రత్యేకంగా వీవర్స్ కాలనీని నెలకొల్పింది. నేతపని చేసే కుటుంబానికి ఇల్లంటే తలదాచుకునే చోటు మాత్రమే కాదు. లోపల మగ్గం గుంటకు స్థలం కావాలి, బయట పడుగు సాగదీసి గంజి పట్టించుకోవడానికి పొడవైన, అడ్డులేని వీధి కావాలి. అందువల్ల నేతగాళ్ల వాడలో వీధి ఎంత వెడల్పు ఉండాలన్నది అలంకారానికి సంబంధించిన ప్రశ్న కాదు, కూలి గిట్టుబాటుకు సంబంధించిన ప్రశ్న.

నేడు ఆదోని, ఎమ్మిగనూరు శివార్లలోనూ, దేవనకొండ వంటి మండల కేంద్రాల పక్కనా వెలిసే వెంచర్లలో కొనుగోలుదారుడి చూపంతా తన రెండు మూడు సెంట్ల మీదే నిలుస్తుంది. చట్టం దృష్టిలో మాత్రం ఆమోదం పొందిన లేఅవుట్‌లో ప్లాటు కొన్నవారు ఆ ప్లాటును ఒక్కదాన్నే కొన్నట్టు కాదు. దస్తావేజు చెక్కుబందీలో, అంటే నాలుగు హద్దుల వివరంలో, ‘తూర్పు: 30 అడుగుల రస్తా’ అని రాసి ఉన్నప్పుడు ఆ రస్తాను వాడుకునే హక్కు, నక్షాలో పార్కుగా చూపిన ఖాళీ స్థలం ఖాళీగానే ఉండాలని కోరే హక్కు కూడా వారికి దక్కుతాయి. కాలనీల్లో పుట్టే తగాదాల్లో చాలావరకు ఈ రెండో రకం హక్కు తమకుందన్న సంగతి నివాసులకే తెలియకపోవడం వల్ల ముదురుతున్నవే.

లేఅవుట్ అంటే భూమిని ప్లాట్లుగా, రోడ్లుగా, ఉమ్మడి స్థలాలుగా విభజిస్తూ గీసి, అధికారుల ఆమోదం పొందిన నక్షా. గ్రామ పంచాయతీల పరిధిలో ఇందుకు 2002లో ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం పంచాయతీ అనుమతి ఇచ్చే ముందు పట్టణ, గ్రామీణ ప్రణాళికా విభాగం నుంచి సాంకేతిక ఆమోదం ఉండాలి. కాబట్టి వెంచరు ముందు బోర్డు మీద ‘పంచాయతీ అప్రూవ్డ్’ అని రాసినంత మాత్రాన సరిపోదు, ఆ విభాగం ఇచ్చిన లేఅవుట్ నంబరు ఏదని అడగాలి. మొత్తం స్థలంలో కనీసం 10 శాతాన్ని ఉమ్మడి ఖాళీ స్థలంగా వదలాలన్నది మరో ముఖ్య నియమం. అంటే ఐదెకరాల వెంచరులో అర ఎకరం ఎవరికీ అమ్మకుండా మిగలాలి. ఆచరణలో ఆ అర ఎకరమే మొదట నక్షాలో పచ్చరంగుతో కనిపించి, ప్లాట్లన్నీ అమ్ముడయ్యాక కొత్త నంబర్లు తగిలించుకొని మళ్లీ అమ్మకానికి వస్తుంటుంది.

ఇటువంటి అమ్మకం చెల్లదని చెప్పడానికి నివాసులకు గట్టి ఆధారాలే ఉన్నాయి. బెంగళూరులోని రాజమహల్ విలాస్ ఎక్స్‌టెన్షన్ అనే శివారు విస్తరణలో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ప్రభుత్వ ఆదేశంతో ఒక ప్రైవేటు ఆసుపత్రి కోసం ఇవ్వగా, ఆ ప్రాంత నివాసులు కోర్టుకెక్కారు. బెంగళూరు మెడికల్ ట్రస్టు వర్సెస్ ముద్దప్ప కేసులో 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని తేల్చింది. ఆసుపత్రి కూడా ప్రజలకు ఉపయోగపడేదే కదా అన్న వాదనను న్యాయస్థానం ఒప్పుకోలేదు, పైగా పార్కు కోసం కేసు వేసే అర్హత సాధారణ నివాసికి ఉందని స్పష్టం చేసింది. పార్కుగా చూపిన స్థలం యజమాని పేరనే మిగిలి ఉన్నా, అతడు దాన్ని ప్రజల తరఫున ధర్మకర్తగా మాత్రమే పట్టి ఉంటాడని ఛేత్‌రాం వశిష్ఠ్ కేసులో అదే న్యాయస్థానం చెప్పింది. దేవనకొండలో అయినా, బెంగళూరులో అయినా ఈ సూత్రం ఒక్కటే.

ప్లాటు మీద సొంత హక్కు విషయానికి వస్తే, నోటరీ చేయించిన అగ్రిమెంటు, జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ పత్రం చేతికి వస్తే చాలునన్న భావన నేటికీ బలంగా ఉంది. జీపీఏ అంటే ఒకరి తరఫున పనులు చక్కబెట్టే అధికారం మరొకరికి ఇచ్చే పత్రమే తప్ప అమ్మకం కాదనీ, రిజిస్టరైన విక్రయ దస్తావేజు ద్వారా తప్ప స్థిరాస్తి యాజమాన్యం చేతులు మారదనీ 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు కూడా అంతే. అవి స్వాధీనంలో ఉన్నట్టు చూపడానికి పనికొస్తాయి గాని యాజమాన్యాన్ని నిరూపించవు. కొనే ముందు ఈసీని, అంటే ఆ ఆస్తిపై జరిగిన రిజిస్టరు లావాదేవీలను చూపే ధ్రువపత్రాన్ని, తీసుకొని చూడటంతో పాటు ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో ఉందేమో సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో విచారించాలి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ పట్టాలది మరింత జాగ్రత్తగా చూడవలసిన సంగతి. 1977 నాటి చట్టం వాటి బదలాయింపును నిషేధించింది. ఇళ్ల స్థలాలకు కొంత గడువు తర్వాత సడలింపు ఇచ్చే సవరణలు ఇటీవలి కాలంలో వచ్చినా, గడువు తీరకముందే తెల్లకాగితం మీద జరిగే కొనుగోలు ఎవరికీ హక్కు ఇవ్వదు, కొన్నవారి డబ్బుకూ రక్షణ ఉండదు.

ఈ ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. వానలు ముఖం చాటేసిన ఏళ్లలో దేవనకొండ, ఆదోని, ఎమ్మిగనూరు మండలాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి, అంటే పత్తి తీతకూ మిరప కోతకూ, గుంటూరు వైపు వలస పోతాయి. పండుగలు ముగిశాక ఇంటికి తాళం వేసి బయలుదేరినవారు ఉగాది నాటికి గాని తిరిగి రారు. ఖాళీ ప్లాటు హద్దురాళ్లు పీకడానికి, పక్క ప్లాటు వారు పునాదిని రెండడుగులు ముందుకు జరపడానికి అనువైన కాలం అదే. సమ్మతి లేకుండా, న్యాయప్రక్రియ లేకుండా స్థిరాస్తి స్వాధీనం కోల్పోయినవారు, ఆ రోజు నుంచి ఆరు నెలల లోపు దావా వేస్తే, యాజమాన్యాన్ని నిరూపించకుండానే స్వాధీనాన్ని తిరిగి పొందవచ్చునని 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టంలోని 6వ సెక్షన్ చెబుతోంది; ప్రభుత్వం మీద మాత్రం ఈ సెక్షన్ కింద దావా వేయడం కుదరదు. సుగ్గి ముగించుకొని వచ్చేసరికి ఆ ఆరు నెలల్లో అధికభాగం కరిగిపోయి ఉంటుంది గనుక, పెద్దమనుషుల పంచాయితీ పేరుతో మిగిలిన వారాలను కూడా జారవిడుచుకోవడం తెలివైన పని కాదు. గడువు దాటితే హక్కు పోదు గాని, అప్పుడు యాజమాన్యాన్ని పత్రాలతో నిరూపించి స్వాధీనం కోరవలసి వస్తుంది. ఎదుటివారు తమదేనంటూ బహిరంగంగా, ఎడతెగకుండా అనుభవిస్తూ 12 ఏళ్లు గడిపేస్తే ఆ దారి కూడా మూసుకుపోయే ప్రమాదం ఉంది. వలస వెళ్లే ముందు హద్దురాళ్లతో సహా ప్లాటును ఫోటో తీసి ఉంచుకోవడం, ఊళ్లో ఉండే బంధువుకు చూడమని చెప్పి వెళ్లడం ఖర్చులేని రక్షణ.

కొత్త వెంచర్లలో కొనేవారికి 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అంటే రెరా, అదనపు అండ. ప్రణాళికా ప్రాంతం పరిధిలో 500 చదరపు మీటర్లకు, అంటే సుమారు 12 సెంట్లకు, మించిన స్థలంలో ప్లాట్లు వేసి అమ్మేవారు ముందుగా రెరాలో నమోదు చేసుకోవాలి. రిజిస్టరు ఒప్పందం రాయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. అగ్రిమెంటుకు ముందే సగం సొమ్ము తీసుకునే వెంచరు ఆ ఒక్క పనితోనే చట్టాన్ని మీరినట్టు.

నీరు, వీధిదీపం, మురుగు కాలువ వంటి నిత్య అవసరాలను కోరడం నివాసులు చేసుకునే మొర కాదు, వాటిని కల్పించడం 1994 పంచాయతీరాజ్ చట్టంలోని 45వ సెక్షన్ పంచాయతీ మీద పెట్టిన బాధ్యత. ఆమోదిత నక్షా ప్రతి కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో సమాధానం రావాలి; ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి కార్యాలయంలో ఆ దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలు. నక్షా చేతికి వచ్చాక ప్లాట్ల యజమానులందరూ సంతకాలు చేసి పార్కు స్థలానికి, రస్తాలకు సర్వే జరిపి హద్దులు నాటాలని పంచాయతీ కార్యదర్శికి గాని, పురపాలక కమిషనరుకు గాని రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, ముద్ర వేసిన రసీదు తప్పక తీసుకోవాలి. కోర్టు దాకా వెళ్లవలసి వస్తే, మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా, మిగతావారికి ఆదాయ పరిమితికి లోబడి న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని నియమిస్తుంది. ఇందుకు దగ్గరలోని కోర్టు ఆవరణలో ఉన్న మండల న్యాయ సేవా కమిటీని గాని, 15100 నంబరును గాని సంప్రదించవచ్చు.