పూసల దండ

స్వాహిలి భాషలో సఫారీ అంటే ప్రయాణం. తూర్పు ఆఫ్రికాలో కెన్యా, ఉగాండా, టాంజానియా పక్కపక్క దేశాలు. ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి, పెద్ద లారీల్లో ఈ దేశాలు తిరుగుతారు. పగలు ఏనుగులను, సింహాలను చూస్తారు. రాత్రికి డేరాలు వేసుకుంటారు. అక్కడే వండుకుని తింటారు.

కెన్యాలో, సంబురు ప్రాంతంలో ఉమోజా అనే ఊరుంది. ఈ ఊళ్లో ఆడవాళ్లు, పిల్లలే ఉంటారు. 1990లో 15 మంది ఆడవాళ్లు దీన్ని కట్టుకున్నారు. సైనికులు తమపై అత్యాచారం చేశారని వాళ్లు చెప్పారు. తప్పు చేసినవాళ్లను వదిలేసి, భర్తలు వీళ్లనే ఇంట్లోంచి గెంటేశారు. రెబెక్కా లోలోసోలి అనే ఆమె వాళ్లకు ముందు నిలబడింది.

మరి బతికేదెలా? పూసలు గుచ్చి దండలు అమ్మారు. ఏటి ఒడ్డున డేరాలు వేసుకునే చోటు తయారు చేశారు. సఫారీ వాళ్లు అక్కడ దిగుతారు. అందుకు డబ్బు కడతారు. దండలు కొంటారు.

మగవాళ్లు వచ్చి బెదిరించారు, కొట్టారు. అయినా ఆడవాళ్లు ఊరు వదల్లేదు. తమ సంపాదనతోనే కడుపు నింపుకున్నారు. పిల్లలకు బడి పెట్టుకున్నారు.

ఉమోజా అంటే ఐకమత్యం. పూస ఒక్కటే అయితే ఎక్కడో జారిపోతుంది. దారానికి గుచ్చితే దండ అవుతుంది.

ఆలోచించండి: మీ ఊళ్లో ఆడవాళ్లు కలిసి ఏ పని చేయగలరు? వచ్చిన డబ్బు ఎవరి చేతిలో ఉండాలి?