చతుర్విధ వాద్యములు - స్వామి కొలువు

శ్రీమహావిష్ణువు హస్తమున శంఖము, శ్రీకృష్ణుని అధరమున వేణువు, నారదుని భుజమున వీణ! వాద్యము లేని దైవసన్నిధి మన పురాణములందు అరుదు. ఈ వాద్యములను వర్గములుగా విభజించి, వాని లక్షణములను వివరించిన ప్రాచీన గ్రంథము భరతముని నాట్యశాస్త్రము.

తంత్రులతో మ్రోగునది తతము. ఊదగా పలుకునది సుషిరము. చర్మముతో మూయబడినది అవనద్ధము. గట్టి వస్తువులు ఒండొంటిని తాకగా మ్రోగునది ఘనము. వీణ, తంబుర తతములు. వేణువు, నాదస్వరము, శంఖము సుషిరములు. మృదంగము, డోలు అవనద్ధములు. తాళములు, గంట ఘనములు. వాద్యబృందమునకు భరతుడు వాడిన పేరు కుతపము. 1880లో బ్రస్సెల్స్ నగర సంగీత విద్యాలయమందలి వాద్య ప్రదర్శనశాలను నిర్వహించిన మహియాన్ అను పండితుడు ఈ నాలుగు విభాగములనే ఆధారము చేసికొని ప్రపంచ వాద్యములను వర్గీకరించెను. 1914లో హార్న్‌బోస్టెల్, జాక్స్ అనువారు దానిని విస్తరించిరి.

స్వామి తిరువీధులకు వేంచేయునపుడు ముందు నడచు మంగళవాద్యమును గమనింపుడు. నాదస్వరము రాగమును నడిపించును. శ్రుతి దానికి ఆధారము. తాళము కాలమును కొలుచును. డోలు వాయించువాడు కుడిచేతి వ్రేళ్లకు గట్టి తొడుగులు ధరించి, ఎడమ చేత కఱ్ఱ పట్టి, ఆ కాలమునకు నడకను కల్పించును. శ్రుతి చెదరిన రాగము నిలువదు. తాళము తప్పిన డోలు వట్టి శబ్దమే.

ఇందు తతము లేకపోవుటకు కారణమేమి? తంత్రీనాదము మృదువైనది. వీధిలోని జనఘోషలో అది వినబడదు. కావున మండపము, సంకీర్తన సేవ దాని తావులైనవి. పాశ్చాత్యుల ఆర్కెస్ట్రాయందును ఇట్టి న్యాయమే కలదు. వయొలిన్ మొదలగు తంత్రీవాద్యములను పెక్కింటిని ముందు వరుసలలో నిలిపి, బిగ్గరగా మ్రోగు ఇత్తడి కొమ్ములను, భేరులను వెనుక నుంతురు. బలము గలది తగ్గుట, మృదువైనది ముందుకు వచ్చుట, ఇదియే మేళనము.

నేడు పెక్కు ఆలయములందు హారతివేళ విద్యుద్యంత్రము గంటను, డోలును తానే మ్రోగించుచున్నది. వాద్యకారులను పోషించు స్తోమత చిన్న ఆలయములకు లేదనుట నిజమే. అయినను అర్చకుడు హారతి నెత్తినపుడు యంత్రము వేగము హెచ్చింపదు, దించినపుడు తగ్గింపదు. డోలు వాయించువాని చూపు నాదస్వరముపై, ఇరువురి చూపు స్వామిపై నుండును. ఆ చూపే కైంకర్యము. ఒంగోలు సమీపమున కరవదిలో 1924లో జన్మించిన షేక్ చినమౌలానా సాహెబు శ్రీరంగమున స్థిరపడి, జీవితమంతయు నాదస్వరమునకే అర్పించెను. అట్టి విద్య మీట నొక్కినంత మాత్రమున లభించునది కాదు.

కావున గృహస్థులు శుభకార్యములందు మంగళవాద్యకారులను ఆదరింతురు గాక! సేవకు వచ్చిన భక్తులు క్షణకాలము నిలిచి విందురు గాక! వినువారు కలిగిననే నేర్చువారు కలుగుదురు. నేర్చువారున్ననే స్వామి కొలువున నాదము నిలుచును.