ఒక చదువు – రెండు పట్టాలు



మాది పట్టిసీమ. వ్యవసాయ కుటుంబం. వేసవి సెలవులకు ఇంటికి వెళ్ళేసరికి మా చెల్లాయి ఒక కాగితం నా చేతిలో పెట్టింది. తను ఇంటరు పూర్తి చేసింది. మద్రాసు విశ్వవిద్యాలయంలో రెండేళ్ళు, ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ విశ్వవిద్యాలయంలో రెండేళ్ళు చదివితే ఇద్దరూ చెరొక బి.ఎస్సీ. ఇస్తారట. అరుగు మీద కూర్చున్న నాన్నగారు విని, "ఒకే చేనుకి ఇద్దరు పట్టా ఇస్తే అది తగాదా చేనవుతుంది గదరా! సంగతేమిటో చదివి చెప్పు" అన్నారు. రెండెకరాలు అమ్మే మాట ఆయన పైకి అనలేదు గాని, మా అందరికీ తెలుసు.

చదివి నేను చెప్పిందే ఈ వ్యాసం.

యు.జి.సి. వారు 2022 మే నెలలో విదేశీ విశ్వవిద్యాలయాలతో కలిసి నడిపే డిగ్రీలకు నిబంధనలు ప్రకటించారు. అందులో మూడు రకాలున్నాయి. ట్విన్నింగ్‌లో పట్టా మన విశ్వవిద్యాలయానిదే. విదేశంలో చదివేది మొత్తం క్రెడిట్లలో 30 శాతం దాటకూడదు. జాయింట్ డిగ్రీ అచ్చంగా ఉమ్మడి పట్టా. కాగితం ఒకటే, ముద్రలు రెండు. ఒక్కొక్కచోట కనీసం 30 శాతం చదవాలి. మూడోది డ్యూయల్ డిగ్రీ. పట్టాలు రెండు, విడివిడిగా, కాని ఒకేసారి ఇస్తారు. ఇక్కడ కనీసం 30 శాతం, అంటే నాలుగేళ్ళ ఆనర్సులోని 160 క్రెడిట్లలో 48, చదివి తీరాలి. ప్రవేశం మాత్రం ఇద్దరి దగ్గరా వేరువేరుగా సంపాదించుకోవాలి. (ఒకేసారి రెండు వేర్వేరు డిగ్రీలు చదవవచ్చునని 2022 ఏప్రిల్‌లో చెప్పింది ఇది కాదు. నా మిత్రులు చాలామంది రెండూ కలిపేస్తున్నారు.)

మరి తగాదా ఎందుకు రాదు? ఇక్కడ చదివిన రసాయనశాస్త్రం అక్కడి ఖాతాలో కూడా జమ అవుతుంది గనుక. చిక్కంతా ఆ జమలోనే ఉంది. మనకు క్రెడిట్ అంటే వారానికొక గంట చొప్పున సుమారు 15 వారాల పాఠం. ప్రయోగశాలలో అయితే రెట్టింపు గంటలు. మెల్బోర్నులో మామూలుగా సబ్జెక్టుకు 12.5 పాయింట్లు, మూడేళ్ళ బి.ఎస్సీ.కి 300. మన ఏ పేపరు వాళ్ళ ఏ సబ్జెక్టుకు సరిపోతుందో పట్టిక చూసుకోకుండా చేరితే, లెక్కలు చాలక అక్కడ పై తరగతి ఫిజిక్సు దొరక్కపోవచ్చు.

కాలం కూడా కలవదు. వాళ్ళ మొదటి సెమిస్టరు మార్చి ప్రాంతంలో, రెండోది జూలైలో మొదలు. మనకు వేసవి ముందు పరీక్షలు. మధ్యలో మిగిలే కొద్ది వారాల్లోనే వీసా తెచ్చుకోవాలి. ఆ విద్యార్థి వీసా రుసుమే 2025 జూలైలో 2,000 ఆస్ట్రేలియా డాలర్లయింది. వీసా రాకపోయినా ఆ డబ్బు వెనక్కి రాదు!

ఒక మంచి మాటేమిటంటే, ఈ నిబంధనల ప్రకారం వచ్చిన డిగ్రీకి మళ్ళీ సమానత్వపు సర్టిఫికెట్టు కోసం తిరగనక్కర్లేదు.

ఇదంతా చెబితే నాన్నగారు ఒక్కటే అడిగారు. "కాలవ నీళ్ళు రాకపోతే దాళ్వా మానుకుంటాం, సార్వా అయితే పోదు గదా. రెండేళ్ళయ్యాక డబ్బు చాలకపోతే ఈ పిల్ల చదివిందంతా పోతుందా?"

నేను తడబడ్డాను. మళ్ళీ వెతికితే దొరికింది. పూర్తి చేయలేనివారు బయటపడే దారి చూపాలనీ, అప్పటిదాకా సంపాదించిన క్రెడిట్లు ఎలా చెల్లుతాయో స్పష్టంగా తెలపాలనీ నిబంధన ఉంది. ఆ దారి మద్రాసులో ఎలా ఉంటుందో రాతపూర్వకంగా చెప్పమని చెల్లాయి చేత ఉత్తరం రాయించాను. జవాబు వచ్చాకే రెండెకరాల సంగతి చూద్దామన్నారు నాన్నగారు.